రంగు పడని పేరు

"ఆ గుడ్డు గిన్నె ఇటు జరుపు," అన్నాడు ఎగోన్. "మూల చుట్టుకుపోతోంది."

గిజేలా కదల్లేదు. వాళ్లమ్మ వాల్‌బుర్గా లేచి గిన్నె జరిపి మూల మీద పెట్టింది.

ఫలహారం బల్ల మీద రొట్టె, వెన్న, కాఫీ కూజా ఒక పక్కకు నెట్టి, ఆ ఖాళీలో ఎగోన్ వంశవృక్షం పరిచాడు. దూడతోలు మీద నలభై ఏళ్లుగా తన చేత్తో గీసుకుంటూ వచ్చినది. మనిషికి ఒక వలయం. వలయంలో పేరు. చుట్టూ ఆ మనిషి క్రైస్తవ సంఘాన్ని బట్టి రంగు. లూథరు సంఘంవాళ్లకు నీలం, రోము వాళ్లకు ఎరుపు, తూర్పు సంఘంవాళ్లకు ఆకుపచ్చ. అట్టడుగున కుడిమూల గిజేలా పేరుంది. దాని చుట్టూ పెన్సిలు గీత తప్ప ఏమీ లేదు.

దక్షిణాది నుంచి తంతి నిన్న వచ్చింది. నాలుగేళ్లు నడిచిన సంబంధం నాలుగు మాటల్లో తెగిపోయింది. గిజేలా పేరు నుంచి ఆ పెళ్లికొడుకు పేరుకు పోయే గీతను ఎగోన్ పొద్దున్నే రొట్టెలోని మెత్తటి భాగం ఉండ చేసి తుడిచేశాడు. తుడిచిన చోట తోలు కొంచెం తెల్లబడింది.

"పోతే పోయింది," అన్నాడు చెల్లెలు వాల్‌బుర్గాతో. "ఆ పిల్లవాడి తమ్ముడికి మూర్ఛలు. మూడు తరాలుగా వాళ్లలో వాళ్లే చేసుకుంటే మరేమవుతుంది."

"మన ఇంట్లోనో?" అంది గిజేలా.

"మన ఇంట్లో ఏముంది?"

"పైకి నాలుగో తరంలో నాకు పదహారుమంది ఉండాలి కదా మావయ్యా. మొన్న వేలు పెట్టి చూశాను. వలయాలు పదహారూ ఉన్నాయి. మనుషులు తొమ్మిదిమందే. ఒకాయనైతే నాలుగు చోట్ల కూర్చున్నాడు."

"గొప్పవాడు. ఎన్ని చోట్లయినా కూర్చుంటాడు."

కాఫీ పోస్తున్న బార్బెల్ ముక్కుతో నవ్వింది. గిజేలాను పుట్టిన రోజు నుంచి ఎత్తుకు పెంచిన దాది ఆమె. ఆ ఇంట్లో ఏ మాటైనా అనగలిగేది ఆమె ఒక్కతే.

"మా ఊళ్లో పొట్టేలును కూడా రెండేళ్లకోసారి పక్కూరి పొట్టేలుతో మార్చుకుంటారు దొరగారూ," అంది.

"మీ పొట్టేలు కిరీటం పెట్టుకోదు."

"పెట్టుకోకపోబట్టే మారుస్తారు."

ఎగోన్ ఆ మాట వినబడనట్టు పెన్సిలు చెక్కుకున్నాడు. "తూర్పున ఒకాయనున్నాడు వాల్‌బుర్గా. యాభై ఒకటి. ఇద్దరు భార్యలూ పోయారు. మనిషి నెమ్మది. గడియారాలు విప్పి బాగుచేసుకుంటూ కూర్చుంటాడట. నిన్న తంతి రాగానే ఆ ఇంటికి నేనూ ఒక తంతి కొట్టించాను."

"ఆయనది ఏ రంగు?" అంది గిజేలా.

"ఆకుపచ్చ."

"మొదట వచ్చినాయనదీ ఆకుపచ్చే."

"అందుకే మంచిదంటున్నాను. తూర్పు సంఘం గడ్డం గురువుగారి దగ్గర రెండేళ్లు నేర్చుకున్నావు. ఆ చదువు ఊరికే పోదు."

ఊళ్లో ఎవరి బిడ్డకైనా పద్నాలుగు నిండితే ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు ఊరి లూథరు గుళ్లో స్థిరీకరణ చేస్తారు. పసితనంలో తల్లిదండ్రులు ఇప్పించిన బాప్తిస్మాన్ని బిడ్డ తన నోటితో తాను ఒప్పుకోవడం అది. అప్పటి నుంచి ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం అందుతాయి. దొరల ఇళ్లలో మగపిల్లలకూ అంతే. ఆడపిల్లలకు మాత్రం ఆపి ఉంచుతారు. మొగుడు ఏ సంఘంవాడో తేలాక ఆ సంఘంలో చేయిస్తారు. ముందే ఒక సంఘానికి మాటిచ్చి తరవాత ఇంకొకదానికి పోతే రెండు వైపులా నామోషీ. గిజేలాకు పద్నాలుగో ఏట ఆపారు. ఇప్పుడామెకు ఇరవై మూడు. తూర్పు గురువు రెండేళ్లు, రోము గురువు నాలుగేళ్లు వచ్చి చెప్పి వెళ్లారు. రెండు సంబంధాలూ పోయాయి.

గిజేలా జేబులోంచి ఒక ఉత్తరం తీసింది. మడతలు అరిగి ఉన్నాయి.

"హోల్మ్ మఠం పెద్దమ్మగారు రాశారు. అక్కడ ఒక గది ఖాళీ అయిందట. తూర్పు కిటికీ, కింద కోళ్లదొడ్డి. తలుపుకు లోపలి వైపు గడియ ఉంటుందని కూడా రాశారు."

"మఠమా," అన్నాడు ఎగోన్.

"పెళ్లికాని దొరబిడ్డలు ఉండే చోటే కదా. రెండు కాగితాలు తెమ్మన్నారు. పదహారుమంది పూర్వీకుల పట్టిక ఒకటి, అది మీ దగ్గరుంది. స్థిరీకరణ అయినట్టు పాస్టరుగారి కాగితం ఒకటి, అది నాకు లేదు. ఈస్టరులోగా రెండూ చేరకపోతే గది ఇంకొకరికి ఇచ్చేస్తారు." ఉత్తరం మడిచింది. "రేపు శనివారం గుళ్లో ప్రశ్నలు. ఎల్లుండి మట్టల ఆదివారం. ఊరి పిల్లలతోపాటు నేనూ నిలబడతాను."

"నిలబడితే నీలం పడుతుంది. నీలం పడ్డాక తూర్పువాళ్లు గడప తొక్కరు."

"తొక్కవద్దు."

"మఠంలోకి పోతే గీత నీతో ఆగిపోతుందే. నలభై ఏళ్లు గీశాను."

"ఆగనీండి మావయ్యా."

ఎగోన్ చెల్లెలి వైపు చూశాడు. గిజేలా కూడా చూసింది. వాల్‌బుర్గా రొట్టెముక్కకు ఒక వైపు వెన్న రాసి, తిప్పి, రెండో వైపు కూడా రాసింది.

"అమ్మా, నువ్వేమంటావు?"

"వాన వచ్చేట్టుంది," అంది వాల్‌బుర్గా.

*

టీలెమాన్ పాస్టరు తేనెపెట్టెల దగ్గర ఉన్నాడు. చలికాలంలో చచ్చిన తేనెటీగలను బాతు ఈకతో బయటికి ఊడుస్తున్నాడు. గిజేలా చెప్పిందంతా వంగినవాడు వంగినట్టే విన్నాడు.

"అమ్మగారికి తెలుసా?"

"తెలుసు."

"ఏమన్నారు?"

"వాన వచ్చేట్టుందంది."

ఆయన ఈక పక్కన పెట్టి నడుం నిటారుగా చేశాడు. "ఈ గుడికి పాస్టరును పెట్టేది మీ ఇల్లు. పెద్దప్రభువులు పెడితే వచ్చినవాణ్ణి. మీవాళ్లు తీసేస్తే ఈ పెట్టెలు కూడా ఇక్కడే వదిలిపోవాలి. ఈగలకు దారి చెప్పి తీసుకుపోలేం కదమ్మా."

"అయితే వద్దంటారా?"

"వద్దనలేదు. పద్నాలుగో ఏట చేయాల్సిన పని. నేనే అడిగి ఉండాల్సింది. అడగలేదు." పెట్టె మూత సర్దాడు. "పేరు రాసుకుంటాను. కానీ రేపు సంఘపెద్దల ముందు ప్రశ్నలకు నిలబడాలి. అది మాత్రం నా చేతిలో లేదు. తప్పినవాళ్లు మరుసటి ఏడు దాకా ఆగుతారు. పోయినేడు హాంకె మనవరాలిని ఆపారు."

"పిండిమర హాంకె?"

"ఆయనే. పెద్దల్లో ఆయన మాటే నడుస్తుంది. మీకు అన్నిటికన్నా తేలికది అడుగుతాను. దేవుడు నియమించిన సంస్కారాలు ఎన్ని, అంటాను."

"రెండు. బాప్తిస్మం, ప్రభువు బల్ల."

"అంతే. చంటిపిల్లకైనా వస్తుంది."

గిజేలా వెళ్లబోతూ ఆగింది. "ఎన్ని ఈగలు చచ్చాయి?"

"సగం పైనే. పోయినేడు కొత్త రాణిని తేవాల్సింది. బద్ధకించాను. ఆ పాత రాణే మళ్లీ మళ్లీ గుడ్లు పెట్టింది."

*

మధ్యాహ్నం దుప్పట్ల గదిలో కిటికీ పక్కన కూర్చుని గిజేలా, బార్బెల్ దగ్గరున్న పాత లూథరు ప్రశ్నోత్తరాల పుస్తకం చదువుతోంది. అట్ట మీద పాలచారలున్నాయి. వాల్‌బుర్గా లోపలికి వచ్చి, మడతపెట్టి ఉన్న దుప్పటి ఒకటి విప్పి మళ్లీ మడతపెట్టసాగింది.

"నీకెందుకు ఆపానో ఎప్పుడూ అడగలేదు నువ్వు," అంది.

"అందరూ ఆపుతారుగా."

"మా నాన్న ఆపలేదు. పద్నాలుగో ఏటే చేయించాడు. నాకు బాగుండేది. గుళ్లో పాటలన్నీ వచ్చేవి. పద్దెనిమిదిలో ఎర్ర ఇంటికి ఇచ్చారు, మీ నాన్నకు ముందు. సరిహద్దు స్టేషనులో దింపి, ఇన్నాళ్లూ నమ్మింది తప్పని పైకి చదవమన్నారు. చదివాను. వెనకవాళ్లకు వినబడలేదన్నారు. మళ్లీ చదివాను. మూడుసార్లు చదివించారు."

గిజేలా పుస్తకం మూసింది. ఈ సంగతి ఆమెకు తెలుసు. తల్లి నోటి నుంచి వినడం ఇదే మొదలు.

"ఏడు నెలలకు ఆయన పోయాడు. మీ నాన్నకు ఇచ్చేప్పుడు మళ్లీ ఇటు మార్చారు. అప్పుడు ఒక్కసారే చదివించారు. గొంతు అలవాటైంది కదా." దుప్పటి అంచులు కలవలేదు. విప్పి మళ్లీ మొదలుపెట్టింది. "ఇప్పుడు ప్రార్థనకు కూర్చుంటే ఎవరో వెనక నిలబడి తప్పులు పడుతున్నట్టుంటుంది. నీకా అవస్థ వద్దనుకున్నాను. ఏ మాటా ఇవ్వకపోతే ఏ మాటా తప్పక్కర్లేదనుకున్నాను."

"ఇవ్వకుండానే ఇరవై మూడొచ్చాయమ్మా."

"తెలుసు."

"బాప్తిస్మంలో పిల్లలకు జ్ఞానతల్లిగా ఉండమని ఎవరూ అడగరు. ఉండకూడదు కనక. బండివాడి కూతురు నాకన్నా ఎనిమిదేళ్లు చిన్నది, అది బల్ల దగ్గరికి పోతుంది. నేను బెంచీ మీద కూర్చుని దాని జోళ్లు చూస్తుంటాను."

వాల్‌బుర్గా దుప్పటి అంచులు మళ్లీ కలిపింది.

"ఈ వేటబంగ్లా మనది కాదు. నాన్న తమ్ముడి కొడుకుది. నువ్వు పోయిన మర్నాడు తాళాలు అడుగుతాడు. నేనెక్కడుండాలి?"

"అందుకేగా పెళ్లి."

"అందుకేగా గది."

కింద ఎగోన్ నడుస్తున్న చప్పుడు వినిపించింది. తంతి జవాబు కోసం గుమ్మానికీ కిటికీకీ మధ్య తిరుగుతున్నాడు.

"నేను ఆపను," అంది వాల్‌బుర్గా చివరికి. "గుడికి రాను కూడా." మడిచిన దుప్పటిని దొంతర మీద పెట్టి చేత్తో అణిచింది. అప్పటికే అణిగి ఉన్న దొంతర అది.

*

శనివారం పొద్దున్నే వాన పట్టుకుంది. గుడి నిండా తడి ఉన్ని వాసన. చెక్కజోళ్లు గుమ్మం బయట వరస పెట్టి ఉన్నాయి. ముందు బెంచీలో పదకొండుమంది ఊరిపిల్లలు, చివర గిజేలా. వాళ్ల తలల వరసకు పైన ఆమె భుజాలు కనిపిస్తున్నాయి. పక్కన కూర్చున్న దర్జీ కూతురు మొదట కొంచెం దూరం జరిగింది. తరవాత జాలిపడినట్టు దగ్గరికి జరిగింది.

"మీకేం భయం దొరసానీ," అంది గుసగుసగా. "తప్పితే మా అమ్మ నన్ను చంపుతుంది. మిమ్మల్ని ఎవరు చంపుతారు?"

ఎడమ గోడ వెంట సంఘపెద్దలు నలుగురు కూర్చున్నారు. హాంకె కనుబొమల మీద ఆదివారానికి కూడా పోని పిండి ఉంది.

ఒక్కొక్కరే లేచి చెప్పారు. పది ఆజ్ఞలు ఒకడు. పరలోక ప్రార్థన ఒకతి. దర్జీ కూతురు గడగడ అప్పజెప్పి ఊపిరి పీల్చుకోకుండా కూర్చుంది.

"గిజేలా," అన్నాడు పాస్టరు. గుళ్లో బిరుదులు పెట్టరు.

ఆమె లేచింది. అప్పుడే వెనక తలుపు చప్పుడైంది. గిజేలా తల తిప్పి చూసింది. దొరల ఇంటివాళ్లకు పైన అద్దాల గది ఉంది. వాల్‌బుర్గా అక్కడికి ఎక్కలేదు. తలుపు పక్కన చివరి బెంచీలో, పాలేర్లు కూర్చునే చోట కూర్చుని గొడుగు కాళ్ల మధ్య పెట్టుకుంది. గొడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"దేవుడు నియమించిన సంస్కారాలు ఎన్ని?" అన్నాడు పాస్టరు.

"ఏడు," అంది గిజేలా.

పిల్లల తలలు ఆమె వైపు తిరిగాయి. ఆమెకు తానేమన్నదీ ఇంకా చెవిన పడలేదు. తూర్పు గురువు అడిగితే రెండేళ్లు, రోము గురువు అడిగితే నాలుగేళ్లు, నిద్రలో లేపి అడిగినా ఇదే చెప్పింది; ఆ రెండు సంఘాల్లోనూ సంస్కారాలు ఏడు. ఆయనా మెచ్చుకున్నాడు, ఈయనా మెచ్చుకున్నాడు. ప్రశ్న వినగానే నోరు దానంతటది తెరుచుకుంది.

దర్జీ కూతురు గొంతులో చిన్నగా చప్పుడు చేసింది.

"మెల్లగా," అన్నాడు పాస్టరు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "తొందర లేదు. మళ్లీ అడుగుతాను. ఎన్ని?"

అప్పుడు తెలిసింది గిజేలాకు. ముఖంలోకి వేడి వచ్చింది. తప్పు చేసినప్పుడు గడ్డం గురువు నేర్పిన పని ఒకటి ఉంది. చెయ్యి దానంతటది లేచింది. నుదురు, పొట్ట, ముందు కుడిభుజం, తరవాత ఎడమభుజం. ఆ గుళ్లో ఎవరూ సిలువ గురుతు వేసుకోరు. వేసుకున్నా కుడిభుజం నుంచి మొదలుపెట్టరు. చెయ్యి దింపేసరికి గుడి అంతా చూసింది.

"రెండు," అంది. ఎవరికీ వినబడలేదు.

పాస్టరు పెద్దల వైపు తిరిగాడు. "కంగారు పడ్డారు. జవాబు తెలిసిన మనిషే. నిన్న నాకు చెప్పారు."

"నిన్న నా మనవరాలికీ వచ్చింది," అన్నాడు హాంకె. కోపం లేదు ఆ గొంతులో. "పోయినేడు శుక్రవారం నాడు ఇంట్లో అంతా అప్పజెప్పింది. శనివారం ఇక్కడ ఒక ఆజ్ఞ మరిచిపోయింది. ఆపారు. ఏడ్చింది. ఆపడం సరే అన్నాను నేను. ఇప్పుడు ఈవిడ దొరసాని అని పోనిస్తే ఇంటికెళ్లి దానికేం చెప్పను?"

మిగతా ముగ్గురూ నేల చూశారు.

"వచ్చే ఏడు రండమ్మా," అన్నాడు హాంకె, ఇంకా మెత్తగా.

*

తల్లీకూతుళ్లు ఒకే గొడుగు కింద నడిచారు. బండి పంపుతామంటే వాల్‌బుర్గా వద్దంది. వంతెన మీదికి వచ్చారు. బార్బెల్ నాలుగడుగుల వెనక తడుస్తూ వస్తోంది.

"రానన్నావు," అంది గిజేలా.

"రాకూడదనే అనుకున్నాను."

"నిన్ను చూసి తప్పానని కాదు. ఎలాగూ అదే అనేదాన్నేమో."

వాల్‌బుర్గా గొడుగు కూతురి వైపు వంచింది. తన భుజం తడుస్తోంది.

"మఠం పెద్దమ్మగారికి రాస్తాను," అంది గిజేలా. "ఒక ఏడాది ఆగమంటాను. ఆగరు. అయినా రాస్తాను."

"రాయక్కర్లేదు."

"ఎందుకు?"

"నిన్ననే నేను రాశాను. ఫలహారం కాగానే."

గిజేలా ఆగింది. గొడుగు రెండడుగులు ముందుకు పోయి మళ్లీ వెనక్కి వచ్చింది.

"ఏమని?"

"మా అమ్మాయి ఇంకా ఏ సంఘంలోనూ లేదు, దానికోసం గది ఖాళీగా ఉంచవద్దు అని. సాయంత్రం టపాలో పోయింది."

"దుప్పట్ల గదిలో నాతో మాట్లాడేప్పటికి..."

"రాసేశాను."

కింద ఏరు బురదతో పోతోంది. బార్బెల్ దూరంగానే ఆగిపోయి, రుమాలుతో మొహం తుడుచుకుంటూ ఇటు చూడనట్టు నిలబడింది.

"మరి గుడికెందుకొచ్చావమ్మా?"

"నువ్వు నెగ్గితే ఏం చేయాలో తెలియక," అంది వాల్‌బుర్గా.



*

ఎగోన్ ఫలహారం బల్ల దగ్గరే ఉన్నాడు. తోలు పరిచే ఉంది. నాలుగు మూలల మీదా నాలుగు గుడ్డు గిన్నెలు. ఐదో గిన్నెలో ఆకుపచ్చ కలిపి పెట్టుకున్నాడు.

"వచ్చింది," అన్నాడు తంతి చూపించి. "సరేనన్నారు. గురువారం వాళ్ల గురువు బయలుదేరుతున్నాడు. ఏమైంది గుళ్లో?"

"తప్పాను."

"ఏమడిగారు?"

"సంస్కారాలు ఎన్ని అని."

"ఎన్నన్నావు?"

"ఏడు."

ఎగోన్ నవ్వలేదు. "సరిగ్గానే చెప్పావు," అన్నాడు. నిజంగా ఊరట పడ్డట్టే అన్నాడు.

గిజేలా తడికోటు విప్పకుండానే బల్ల దగ్గరికి వచ్చింది. తోలు మీద తన పేరు చూసింది. దాని పైన తల్లి పేరు. తల్లి వలయానికి నీలం ఉంది. ఆ నీలం అంచున, గోకినచోట పూర్తిగా పోని ఎరుపు. ఎరుపు కింద మళ్లీ పాత నీలం. అక్కడ తోలు పలచబడి వెలుతురు కనిపిస్తోంది.

"వేయండి మావయ్యా," అంది. "కాదనుకుంటే గోకడం మీకు తెలుసుగా."

"ఇది చివరిదే తల్లీ. మళ్లీ గోకే పని ఉండదు." ఎగోన్ కుంచె ముంచి, గిన్నె అంచుకు ఒత్తి, వంగాడు.

వాల్‌బుర్గా ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ చూడలేదు. చేతికి ఇంకా వాన తడి ఉంది. ఆ అరచేతిని కూతురి పేరు మీద పెట్టింది. గట్టిగా కాదు. దొంతర మీద పెట్టినట్టు.

ఎగోన్ కుంచె గాల్లో పట్టుకుని ఆగాడు. "వాల్‌బుర్గా."

ఆమె అన్న వైపు చూడలేదు, కూతురి వైపు చూడలేదు. చేతికింద పెన్సిలు గీత తడికి చెదురుతోంది.

"ఉత్తరం పోయిందమ్మా," అంది గిజేలా మెల్లగా. "ఇప్పుడు చెయ్యి పెట్టి ఏం లాభం?"

చెయ్యి కదల్లేదు.

"తియ్యవే," అన్నాడు ఎగోన్. "రంగు ఆరిపోతోంది."